పరిహారం ముందు, పరిజ్ఞానం వెనుక: కోనసీమ కేంద్రంగా ప్రజారక్షణ, పరిశోధన నిధులపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రజారక్షణకూ, విజ్ఞానశాస్త్ర పరిశోధనకూ ప్రభుత్వాలు కేటాయించే నిధులను సాధారణంగా వేర్వేరు విషయాలుగా చర్చిస్తారు. తుపాను, చీడపీడలు, వాయు గొట్టాల ప్రమాదాలు మూడూ అనుభవించిన కోనసీమలో ఈ విభజన నిలవదు. బండారులంక చేనేత మగ్గాన్ని ఒక గీటురాయిగా తీసుకొని, విపత్తు నిధుల నిర్మాణాన్నీ, వాటి నిబంధనల భాషనూ, పరిశోధనా కేంద్రాల స్థితినీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కోనసీమ, బండారులంక, విపత్తు ఉపశమన నిధి, ఆర్థిక సంఘం, అంబాజీపేట, చేనేత, నగరం ప్రమాదం

1. ఉపోద్ఘాతం

అమలాపురం మండలంలోని బండారులంక నేత ఊరు. ఇక్కడి నూలు చీరలకు కోనసీమ దాటి పేరున్నది. గుంటమగ్గం మీద నేసేవాడు నేలలోకి తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు. తొక్కుడుబద్దలు ఆ గుంటలోనే ఉంటాయి. గోదావరి పాయల నడుమ ఉన్న ఈ సీమలో భూగర్భజలం నేలకు దగ్గరగా ఉంటుంది. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే గుంటలో నీరు ఊరుతుంది. గంజి పట్టించిన పడుగు ఆరదు, ఆరని పడుగు అచ్చులోకి ఎక్కదు. గాలి ఇంటికప్పును లేపకపోయినా, ఉప్పెన ఊరి పొలిమేరకు రాకపోయినా మగ్గం ఆగిపోతుంది. దీనికి తుపాను పేరుతో పనిలేదు, అల్పపీడనం చాలు.

ప్రభుత్వ లెక్కల్లో ఈ నష్టం ఎక్కడ నమోదవుతుంది? రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి నుంచి ఇవ్వదగిన సహాయానికి కేంద్ర హోం మంత్రిత్వశాఖ నిర్ణయించిన 2022-26 నాటి ప్రమాణాలలో చేనేత, హస్తకళల వారికి ప్రత్యేకంగా చెప్పినవి రెండే. పనిముట్లు దెబ్బతింటే ఒక్కొక్కరికి 5,000 రూపాయలు, ముడిసరుకు గానీ తయారవుతున్న సరుకు గానీ పాడైతే 5,000 రూపాయలు. మగ్గం విరిగితే పద్దు ఉంది, నూలు తడిస్తే పద్దు ఉంది. గుంటలో నీరు తోడుకుంటూ పదిహేను రోజులు ఖాళీగా కూర్చున్నవాడి పేరిట ఆ రెండింటిలో ఏదీ లేదు. గుంటలో నీరు ఊరకుండా ఏం చేయాలి అన్న ప్రశ్నకు జవాబు వెదకడానికి డబ్బు ఇచ్చే పద్దు అసలే కనిపించదు. మొదటిది సహాయానికి సంబంధించిన లోపం, రెండవది పరిశోధనకు సంబంధించిన లోపం. ఈ రెండూ ఒకే మూలం నుంచి పుట్టాయన్నది ఇక్కడి ప్రతిపాదన.

ఈ విషయాన్ని సాహిత్య విద్యార్థులు పరాయిదిగా భావించనక్కరలేదు. పాలగుమ్మి పద్మరాజు కథ ‘గాలివాన’కు 1952లో అంతర్జాతీయ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి రావడం తెలుగువారు గర్వంగా చెప్పుకునే సంగతి. ఆ కథారచయిత కాకినాడ పి.ఆర్. కళాశాలలో విజ్ఞానశాస్త్ర అధ్యాపకుడన్న సంగతిని మాత్రం విమర్శకులు అంతగా పట్టించుకోలేదు. ఆ కథలో గాలివాన ఒక వ్యక్తి నియమనిష్ఠలకు పెట్టిన పరీక్ష. కూలిన స్టేషను గది ఎందుకు కూలింది, గాలి వస్తున్నదని ఎవరికి ముందు తెలిసింది అన్నవి ఆ కథకు అక్కరలేని ప్రశ్నలు. కథకు అక్కరలేకపోవడంలో తప్పు లేదు. తుపానును మనిషి మనసు లోతును కొలిచే సాధనంగా చూడటానికి అలవాటుపడిన పాఠక సమాజం, దానిని ప్రజాధనంతో ముడిపడిన విషయంగా చూడటానికి ఎందుకు అలవాటుపడలేదన్నది మాత్రం అడగవలసిన ప్రశ్నే.

2. తీరం చెల్లించిన మూల్యం, శాస్త్రం పొందిన లాభం

తుపాను శాస్త్రానికి తెలుగు తీరంతో ఉన్న సంబంధం పాతది. 1789లో కోరంగిని ముంచిన ఉప్పెన గురించి కలకత్తాలోని హెన్రీ పిడింగ్టన్ రాశాడు. ‘సైక్లోన్’ అనే మాటను 1840 దశకంలో వాడుకలోకి తెచ్చినవాడు ఆయనే. 1839లో కోరంగి మళ్లీ మునిగింది. 1864 అక్టోబరు 5న కలకత్తాను, ఆ నెల తిరగకముందే నవంబరు 1న మచిలీపట్నాన్ని తుపానులు తాకాయి. మచిలీపట్నంలో మరణించినవారి సంఖ్యను ముప్పై వేలుగా చెబుతారు. మరుసటి ఏడు కలకత్తా రేవుకు హెచ్చరిక వ్యవస్థ ఏర్పడింది. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. ఆ శాఖ పుట్టుకకు కారణాలు చెప్పేటప్పుడు 1864 నాటి కలకత్తా తుపానునూ, 1866, 1871 సంవత్సరాల వర్షాభావాన్నీ పేర్కొనడం పరిపాటి. మచిలీపట్నం ఆ జాబితాలో సాధారణంగా కనిపించదు. పరిశోధనకు నిధులు ఎక్కడ పుడతాయన్నది శవాల సంఖ్యను బట్టి గాక, రేవు విలువను బట్టి నిర్ణయమైన తొలి సందర్భాలలో ఇదొకటి.

దీనికి ప్రతిగా చెప్పవలసిన ఉదాహరణ ధవళేశ్వరం ఆనకట్ట. కరవులతో చితికిన రాజమండ్రి జిల్లా దుస్థితిపై 1844లో హెన్రీ మాంట్‌గోమరీ ఇచ్చిన నివేదిక ఆర్థర్ కాటన్‌కు దారి చూపింది. 1847లో పని మొదలై 1852కు ముగిసింది. ప్రజల ప్రాణరక్షణకు పెట్టే ఖర్చు ప్రభుత్వ ఆదాయాన్ని పెంచుతుందని నిరూపించిన తరువాతనే కంపెనీ ప్రభుత్వం అంగీకరించింది. కాటన్ నివేదికలు ఇంజనీరింగు పత్రాలు ఎంతో, ఖజానాను ఒప్పించే వాదనలూ అంతే. ఆదాయం చూపలేని రక్షణకు ఆనాడు నిధులు లేవు. ఈనాటి ‘వ్యయ ప్రయోజన విశ్లేషణ’ ఆ సంప్రదాయానికి వారసురాలే.

స్వాతంత్ర్యానంతరం పరిస్థితి మారింది. 1970లో విశాఖపట్నంలో తుపానులను గుర్తించే రాడార్ ఏర్పడింది. అయినా 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పదివేల ప్రాణాలను బలిగొన్నది. రాడార్ చూసినది తీరగ్రామానికి చేరే మార్గం లేకపోవడమే అందులోని ప్రధాన విషాదం. 1983లో ఇన్సాట్-1బి ప్రయోగం, ఆ దశకంలోనే ఉపగ్రహం ద్వారా నేరుగా తీర ప్రాంతాలకు హెచ్చరికలు పంపే వ్యవస్థ ఆ లోటును కొంత పూడ్చాయి. 1990 మే 9న దాదాపు అంతే తీవ్రమైన తుపాను మచిలీపట్నం వైపు వచ్చినప్పుడు ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యిలోపే ఉన్నది. పదమూడేళ్లలో వచ్చిన ఈ తేడాకు అంతరిక్ష పరిశోధన మీద పెట్టిన ఖర్చు ఒక ముఖ్యకారణం. ఆ రోజుల్లో ‘ఆకలి తీరని దేశానికి ఉపగ్రహాలెందుకు’ అన్న వాదన గట్టిగానే వినిపించేది. దానికి తెలుగు తీరం ఇచ్చిన జవాబును తెలుగు వైజ్ఞానిక రచన తగినంతగా నమోదు చేయలేదు.

అయితే ఈ పురోగతి సరళరేఖ కాదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుపాను వైశాల్యంలో చిన్నది, బలపడటంలో వేగమైనది. వెయ్యిమందికి పైగా మరణించారు. కాట్రేనికోన మండలం బలుసుతిప్ప, ఐ.పోలవరం మండలం భైరవపాలెం వంటి మత్స్యకార గ్రామాల పేర్లు అప్పుడే రాష్ట్రమంతటికీ తెలిశాయి. కొబ్బరితోటలు వరుసలు వరుసలుగా నేలకొరిగాయి. 1990 నాటి విజయం ఆరేళ్లకే ఎందుకు నిలవలేదంటే, హెచ్చరిక వేరు, హెచ్చరిక విన్నవాడు వెళ్లగల గట్టి కట్టడం వేరు. సముద్రం మీదికి వేటకు వెళ్లిన పడవకు కబురు చేరడం ఇంకా వేరు. ఈ మూడింటికీ నిధులు మూడు చోట్ల నుంచి రావాలి.

3. పద్దుల నిర్మాణం

1996 తరువాత జరిగిన రక్షణ నిర్మాణాలలో పెద్ద భాగం అప్పు మీద సాగింది. 1997లో ప్రపంచబ్యాంకు సహాయంతో ఆంధ్రప్రదేశ్ విపత్తు తీవ్రత తగ్గింపు, తుపాను పునర్నిర్మాణ పథకం మొదలైంది. 2011లో ఆంధ్రప్రదేశ్, ఒడిశాలలో జాతీయ తుపాను ముప్పు తగ్గింపు పథకం తొలిదశ ఆరంభమైంది. ఇదీ ప్రపంచబ్యాంకు రుణంతోనే. ఆశ్రయ భవనాలు, వాటికి చేరే రోడ్లు, ఉప్పునీటి కట్టలు ఇందులో ముఖ్యాంశాలు. ఈ కట్టడాల ఖర్చులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. వీటివల్ల మేలు జరగలేదనడం అన్యాయం. బడిగానో, సమావేశ మందిరంగానో వాడుకునే ఆశ్రయ భవనం ఒక్కటి ఉన్నా రాత్రివేళ వందలమంది తలదాచుకోగలరు. కానీ అప్పుతో వచ్చిన పథకానికి ముగింపు తేదీ ఉంటుంది. దానితోపాటు వచ్చిన నిపుణులు, సర్వేలు, పటాలు ఆ తేదీతోనే చెల్లాచెదురవుతాయి. సిమెంటు మిగులుతుంది, పరిజ్ఞానం మిగలదు. పాత ఆశ్రయ భవనాలు సున్నం కూడా లేక శిథిలం కావడాన్ని తీరవాసులు చూశారు. మలి పథకంలో నిర్వహణ సంఘాలకు మూలనిధి ఏర్పాటు చేయడం ఆ అనుభవం నేర్పిన పాఠమే. శాస్త్ర పరిశోధనకు అలాంటి మూలనిధి ఆలోచన ఎవరికీ రాలేదు.

శాశ్వత పద్దుల చరిత్ర మరింత బోధప్రదం. 1957 నాటి రెండవ ఆర్థిక సంఘం రాష్ట్రాలకు విపత్తుల కోసం కొంత ‘మార్జిన్ సొమ్ము’ చూపింది. తొమ్మిదవ ఆర్థిక సంఘం సిఫారసు మేరకు 1990లో విపత్తు సహాయ నిధి వచ్చింది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం రెండు రకాల నిధులను ఊహించింది. విపత్తు వచ్చాక స్పందించడానికి ఒకటి, ముందే తీవ్రత తగ్గించడానికి ఒకటి. నలభై ఆరవ సెక్షన్ మొదటిదాన్ని, నలభై ఏడవ సెక్షన్ రెండవదాన్ని చెబుతాయి. మొదటిది 2010లో పాత నిధి స్థానంలోకి వచ్చింది. రెండవది జాతీయ స్థాయిలో ఏర్పడింది 2021 ఫిబ్రవరిలో. చట్టపుస్తకంలో పక్కపక్కన ఉన్న రెండు సెక్షన్ల అమలుకు మధ్య ఇంత దూరం! ఈ ఆలస్యానికి ఏ ఒక్క ప్రభుత్వాన్నో నిందించడం సులభం. కానీ ఆ కాలంలో కేంద్రంలోనూ, రాష్ట్రాలలోనూ పలు పక్షాలు అధికారంలో ఉన్నాయి. ఏ పక్షమూ దీనిని ఎన్నికల వాగ్దానంగా ఎత్తుకోలేదు. జరగని నష్టానికి లబ్ధిదారుల జాబితా ఉండదు కదా.

పదిహేనవ ఆర్థిక సంఘం ఈ చిక్కును కొంత విప్పింది. 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధులకు 1,60,153 కోట్ల రూపాయలు సూచిస్తూ, అందులో 80 శాతం ప్రతిస్పందనకు, 20 శాతం తీవ్రత తగ్గింపుకు విభజించింది. ఎనభైలో నలభై సహాయానికి, ముప్పై పునర్నిర్మాణానికి, పది సన్నద్ధతకు. ఇది స్వాగతింపదగిన మార్పు. అయినా ఈ చట్రంలో పరిశోధన అనే మాటకు ప్రత్యేక స్థానం లేదు. సన్నద్ధతలోనో, తీవ్రత తగ్గింపులోనో అది ఇమిడి ఉన్నదని వ్యాఖ్యానించుకోవచ్చు. ఇమిడి ఉన్నదానికి ఆడిట్‌లో వరుస సంఖ్య ఉండదు. వరుస సంఖ్య లేనిదానిపై జిల్లాస్థాయి అధికారి ఖర్చు పెట్టడు. ఆయన భయం అర్థం చేసుకోదగినదే.

పరిశోధన పద్దుల వైపు చూస్తే దృశ్యం వేరుగా ఉంటుంది. 2020-21లో దేశం పరిశోధన, అభివృద్ధిపై పెట్టిన మొత్తం ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. అందులో రాష్ట్ర ప్రభుత్వాల వాటా దాదాపు 6.7 శాతం మాత్రమే. 2023లో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థ చట్టం ఐదేళ్లకు 50,000 కోట్లు ఊహించింది. ప్రభుత్వం ఇచ్చేది 14,000 కోట్లు, తక్కినది పరిశ్రమలూ దాతలూ తదితర వనరుల నుంచి రావాలి. పరిశ్రమ ఏ పరిశోధనకు డబ్బు పెడుతుంది? అమ్మదగిన వస్తువు పుట్టే పరిశోధనకు. గుంటమగ్గం గుంటలో నీరు ఆపే ఉపాయాన్ని కొనేవాడు నేతకార్మికుడు, అతని కొనుగోలు శక్తి ఎంతో అందరికీ తెలుసు. 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన ‘మిషన్ మౌసమ్’ రెండేళ్లకు 2,000 కోట్లతో రాడార్లను, సూచన నమూనాలను మెరుగుపరుస్తుంది. దాని అవసరాన్ని శంకించేవారు 2014 అక్టోబరులో హుద్‌హుద్ ధాటికి విశాఖపట్నం డాప్లర్ రాడారే దెబ్బతిన్న సంగతి గుర్తుంచుకోవాలి. కానీ సూచన మెరుగైనకొద్దీ, ఆ సూచన విన్నాక ఏం చేయాలన్న ప్రశ్న మరింత పదునెక్కుతుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటుతుందన్న సమాచారం బండారులంకకూ ముందే అందింది. గుంట మాత్రం అదే గుంట.

ఇక్కడ శాఖల విభజన సంగతి చెప్పక తప్పదు. విపత్తు నిర్వహణ 2002లో వ్యవసాయ మంత్రిత్వశాఖ నుంచి హోం శాఖకు మారింది. వాతావరణ శాఖ 2006 నుంచి భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ కింద ఉన్నది. కొబ్బరి వ్యవసాయానిది, గొట్టం పెట్రోలియం శాఖది, మగ్గం జౌళి శాఖది. అమెరికా కాంగ్రెస్‌లో న్యాయశాఖ, వాతావరణ సంస్థ నోవా, నాసా, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఒకే వినియోగ బిల్లు కింద చర్చకు వస్తాయి. దానివల్ల అక్కడ అంతా సవ్యంగా ఉన్నదని కాదు. పోలీసు సహాయానికీ పరిశోధనకూ మధ్య పోటీ పెట్టే దోషం ఆ పద్ధతికి ఉన్నది. కానీ ఒకదానికి ఇచ్చి మరొకదానికి ఎందుకు ఇవ్వలేదని అడిగే వేదిక అక్కడ ఒకటున్నది. ఇక్కడ ఆ పోటీ కూడా లేదు.

4. అంబాజీపేట: నెమ్మదైన విపత్తు

బండారులంక నుంచి రోడ్డు అంబాజీపేటకు పోతుంది. అక్కడి ఉద్యాన పరిశోధనా స్థానం కొబ్బరికి ఆంధ్రప్రదేశ్‌లో ప్రధాన పరిశోధనా కేంద్రం. 2007లో వెంకటరామన్నగూడెంలో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం పరిధిలో ఉంటూ, భారత వ్యవసాయ పరిశోధనా మండలి అఖిల భారత సమన్వయ పథకంలో భాగంగా పనిచేస్తుంది. ఈ పథకాలలోనూ ఖర్చు నిష్పత్తి 75:25. ఆశ్రయ భవనానికీ, కొబ్బరి పరిశోధనకూ వాటాల లెక్క ఒకటే కావడం యాదృచ్ఛికం కావచ్చు. రెండింటి కాలమానం మాత్రం ఒకటి కాదు.

పొడుగు రకం కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. తూర్పుతీరపు పొడుగు రకాన్నీ గంగాబొండాన్నీ సంకరపరచి ఇక్కడ రూపొందించిన ‘గోదావరి గంగ’ అంతకంటే త్వరగా కాపుకొస్తుంది. అలాంటి సంకరాన్ని నిర్ధారించడానికి చెట్లను ఏళ్ల తరబడి లెక్కలు రాస్తూ గమనించాలి. ఆర్థిక సంఘం ఐదేళ్లకోసారి వస్తుంది, ప్రభుత్వం ఐదేళ్లకోసారి మారవచ్చు. ప్రయోగక్షేత్రంలో నాటిన మొక్క ఈ రెంటికీ లోబడి పెరగదు. ఒక ఏడాది ఖర్చులకు డబ్బు రాకపోతే ఆ ఏటి గమనికలు పోతాయి, తరువాతి ఏడు రెట్టింపు ఇచ్చినా అవి తిరిగిరావు. విపత్తు సహాయంలో ఆలస్యం బాధాకరమే అయినా ఆలస్యంగానైనా చెల్లించవచ్చు. పరిశోధనలో ఆలస్యం చెల్లింపుకు లొంగదు.

2016లో తమిళనాడు, కేరళలలో కనిపించిన సర్పిలాకార తెల్లదోమ అచిరకాలంలోనే గోదావరి జిల్లాలకు చేరింది. ఆకు అడుగున రసం పీల్చి, తేనెమంచు స్రవించి, దానిపై మసిబూజు పెరిగి తోటలన్నీ నల్లబారాయి. రసాయన మందులు చల్లితే దోమతోపాటు దానిని తినే మిత్రపురుగులూ చస్తాయి, దోమ మళ్లీ పెరుగుతుంది. ఎన్‌కార్సియా అనే పరాన్నజీవి, ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంధ్రం, అల్లికరెక్కల పురుగులు ఇందుకు మార్గంగా తేలాయి. శిలీంధ్రాన్నీ, మిత్రపురుగులనూ పెంచి రైతులకు అందించే పనిని అంబాజీపేట తన నెత్తిన వేసుకున్నది. ఇదంతా నల్లతల గొంగళిపురుగు మీద దశాబ్దాలుగా చేసిన పరాన్నజీవుల పెంపకం అనుభవం వల్లనే సాధ్యపడింది. తెల్లదోమ వస్తుందని తెలిసి ఎవరూ ఆ ప్రయోగశాల పెట్టలేదు. నిధుల చర్చలో సాధారణంగా తప్పిపోయే సూక్ష్మం ఇదే: రేపటి ముప్పుకు ఉపయోగపడిన పరిజ్ఞానం నిన్నటి వేరొక ముప్పు కోసం పోషించినది. ‘తక్షణ ప్రయోజనం చూపండి’ అని అడిగే ప్రతి పత్రమూ ఈ గొలుసును తెంచుతుంది.

జాతీయ విపత్తుల జాబితాలో చీడపీడల దాడి ఉన్నది. అయితే సహాయానికి పంటనష్టం 33 శాతం దాటాలి. బహువార్షిక పంటలకు 2022-26 ప్రమాణం హెక్టారుకు 22,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. తెల్లదోమ చెట్టును ఒక రాత్రిలో కూల్చదు, దిగుబడిని కొద్దికొద్దిగా కొరుకుతుంది. అధికారి వచ్చి లెక్కపెట్టవలసిన రోజు ఏది? కూలిన చెట్టు లెక్కకు అందుతుంది, నీరసించిన చెట్టు అందదు. కౌలురైతు సంగతి ఇంకా కష్టం, పరిహారం తరచుగా పట్టాను వెదుక్కుంటూ పోతుంది.

ఇంతకంటే నెమ్మదైన ముప్పు ఇంకొకటి ఉన్నది. 2009లో నేచర్ జియోసైన్స్ పత్రికలో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనం ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించి, మానవ చర్యలవల్ల అవి కుంగుతున్న తీరును చర్చించింది. వాటిలో గోదావరి ఒకటి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కాకాని నాగేశ్వరరావు, సహపరిశోధకులు ఎగువ ఆనకట్టలవల్ల తగ్గిన ఒండ్రుమట్టికీ, వెనక్కి జరుగుతున్న తీరరేఖకూ గల సంబంధాన్ని చూపారు. కాటన్ కట్టిన ఆనకట్టతో పచ్చబడిన సీమే ఒండ్రు అందక పలచబడుతున్నదన్న విషయం జీర్ణించుకోవడం కష్టం. ఏటా మిల్లీమీటర్లలో జరిగే మార్పును ‘విపత్తు’ అని ప్రకటించే అధికారం ఏ జిల్లా కలెక్టరుకూ లేదు.

5. నగరం: తెలిసీ పెట్టని ఖర్చు

పై ఉదాహరణల నుంచి పరిశోధనకు డబ్బిస్తే చాలునన్న భ్రమ కలగవచ్చు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పగిలి మంటలు ఊరిని చుట్టుముట్టాయి. ఇరవైమందికి పైగా మరణించారు. పొడి వాయువు కోసం ఉద్దేశించిన గొట్టంలో తేమ ఉన్న వాయువును పంపడం వల్ల లోపల తుప్పు పట్టిందని ప్రభుత్వం నియమించిన విచారణ తేల్చింది. తేమవల్ల ఉక్కు తుప్పుపడుతుందన్నది కొత్త శాస్త్రం కాదు. దానికి పరిష్కారం వాయువులోని తేమను తొలగించే యంత్రాంగం, అదీ తెలిసినదే. 1984 భోపాల్ అనంతరం 1986లోనే చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేటు ఏర్పడింది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి ఎగదన్ని 65 రోజులు మండిన అనుభవమూ ఈ సీమకే ఉన్నది. కొరత పడినది జ్ఞానం కాదు, ఆ జ్ఞానాన్ని ఖర్చుగా మార్చే బాధ్యత.

1974 చట్టం కింద ముడిచమురుపై వసూలైన సెస్సు పరిశ్రమ అభివృద్ధికి ఉద్దేశించినది. ఆ అభివృద్ధి బోర్డుకు 1991-92 నాటికి చేరినది 902 కోట్లు మాత్రమేననీ, తరువాతి వసూళ్లు సంచిత నిధిలోనే ఉండిపోయాయనీ కాగ్ పలుమార్లు ఎత్తిచూపింది. సెస్సు పేరు ఒకటి, చేరిన చోటు మరొకటి. నగరంలో పరిహారం ప్రకటించడానికి సంస్థా, కేంద్రమూ, రాష్ట్రమూ ఆలస్యం చేయలేదు. ఆ వేగం ముందు ఎక్కడున్నదన్నది అక్కడివారి ప్రశ్న.

6. ‘ఉపశమనం’ అనే మాట

నిధుల నిర్మాణంలోని లోపం భాషలోనూ దాగి ఉన్నది. చట్టం రెండు భిన్నమైన భావనలను చెప్పింది: జరిగిన బాధను తగ్గించడం, జరగబోయే తీవ్రతను తగ్గించడం. తెలుగులో పత్రికలు మొదటిదానికి ‘సాయం’, ‘ఉపశమనం’ వాడతాయి. పాఠ్యపుస్తకాలూ, అనువాద పత్రాలూ రెండవదానికి కూడా ‘ఉపశమనం’ వాడతాయి. ఎనభైకీ ఇరవైకీ ఒకే పేరు పెట్టినట్లయింది. జొరం వచ్చాక ఇచ్చే మందునూ, దోమతెరనూ ఒకే మాటతో పిలిస్తే దోమతెర కోసం ఎవరు అడుగుతారు? మరణించినవారి కుటుంబానికి ఇచ్చే నాలుగు లక్షలను ‘ఎక్స్‌గ్రేషియా’ అంటారు. అనుగ్రహపూర్వకమని ఆ లాటిన్ మాట అర్థం. తెలుగు లిపిలోకి వచ్చి యాభై ఏళ్లయినా ఆ అనుగ్రహం వదలలేదు. హక్కుగా రావలసినది దయగా వచ్చినప్పుడు, లెక్క అడగడం కృతఘ్నతగా కనిపిస్తుంది.

సహాయాన్ని దుబారాగా చిత్రించే విమర్శతో ఈ వాదన ఏకీభవించదు. బియ్యం, కిరోసిను, నాలుగు లక్షలు అవసరమైనవాడికి అవి ప్రాణం. 2019 డిసెంబరు నుంచి కొన్నేళ్లపాటు సొంత మగ్గం ఉన్న నేతకుటుంబానికి రాష్ట్రం ఏటా ఇచ్చిన 24,000 రూపాయలు అప్పుల వడ్డీకైనా పనికివచ్చాయి. సొంత మగ్గం లేక కూలికి నేసేవాడికి అవి అందలేదన్నది వేరే విమర్శ. డబ్బు ఇచ్చిన చేతికి మగ్గం గుంట లోతు తెలియకపోవడమే ఇక్కడి అభ్యంతరం. గుంట అంచును ఎత్తు చేసి కట్టిన మగ్గం, నేల మీద చట్రంతో నిలిచే మగ్గం దేశంలో తెలియనివి కావు. నూలు తేమ, ఇంటి కప్పు ఎత్తు, అలవాటైన కూర్చునే తీరు వీటన్నింటినీ కలిపి కోనసీమకు ఏది సరిపడుతుందో చూడటం ఒక చిన్న పరిశోధన. నాలుగు ఇళ్లలో రెండు వర్షాకాలాలు పరీక్షిస్తే తేలే విషయం.

పదిహేనవ ఆర్థిక సంఘం తీవ్రత తగ్గింపు నిధి గురించి ఒక మాట స్పష్టంగా చెప్పింది. సముద్రపు గోడలు, వరదకట్టలు వంటి భారీ పనులకు ఈ నిధిని వాడరాదు. అవి సాధారణ అభివృద్ధి పద్దుల నుంచి జరగాలి. స్థానికంగా, సమాజం భాగస్వామిగా ముప్పును తగ్గించే పనులకూ, జీవనోపాధులను పర్యావరణానికి అనుగుణంగా మార్చే పనులకూ దీనిని వినియోగించాలి. ఈ నిర్వచనంలో బండారులంక మగ్గం గుంట ఇముడుతుంది, అంబాజీపేట మిత్రపురుగుల పెంపకమూ ఇముడుతుంది. అయితే ప్రతిపాదన పంపవలసినది శాఖ. చేనేత శాఖకు విపత్తు నిధి తనదన్న భావన లేదు, విపత్తు నిర్వహణ సంస్థకు మగ్గం తన పరిధిలోనిదన్న భావన లేదు. ఊళ్లోని సహకార సంఘానికి ఇటువంటి నిధి ఒకటున్నదని చెప్పే తెలుగు పత్రం లేదు. 2021లో మొదలైన ఆ ఐదేళ్ల గడువు 2025-26తో ముగుస్తుంది.